మూర్తిగారి పద్ధతి

మా ఆఫీసులో అరుంధతక్క కుర్చీ వెనకాల గోడకు ఒక ప్లాస్టిక్ గొడుగు వేలాడుతుంటుంది. అవతలిదంతా కనిపించే రకం, తెల్ల పిడి. దోహాలో ఏడాదికి గట్టిగా నాలుగు రోజులు వాన పడితే గొప్ప. ఆ నాలుగు రోజులూ రోడ్లు చెరువులైపోయి ఎవరూ ఇల్లు కదలరు కాబట్టి ఇక్కడ గొడుగుతో పనే లేదు. కొత్తగా చేరినవాళ్ళు అదేమిటని అడుగుతారు. "యోకోహామాలో ఇచ్చార్లెండి" అని ఆమె పనిలో పడిపోతుంది. అసలు సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా నోరు మూసుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇది రాయడం అందుకే.

అరుంధతక్కది బందరు. భర్త నిరంజన్ గారు కాంట్రాక్టు కంపెనీలో ఎలక్ట్రికల్ ఇంజనీరు. ఫరీజ్ బిన్ మహమూద్‌లో ఒక పాత బిల్డింగు మూడో అంతస్తులో కాపురం. నాది నిజామాబాదు, పేరు ప్రతిమ, ఉండేది అల్ మన్సూరాలో. ఎనిమిదేళ్ళుగా ఆమె పక్క టేబులు నాది. జపాన్ నుంచి ఓడల్లో వచ్చే కార్లకు కాగితాలు సరిచూసి కస్టమ్స్‌కు పంపడం మా కంపెనీ పని. కంపెనీ పేరు ఎందుకులెండి.

ప్రతి కారుకూ చాసిస్ నంబరు అని ఒకటుంటుంది. అంకెలూ అక్షరాలూ కలిపి పదిహేడు. యోకోహామాలో కార్లను ఓడెక్కించిన వాళ్ళ జాబితాలో ఉన్న నంబరూ, ఇక్కడ మేము కస్టమ్స్‌కు ఇచ్చే కాగితంలోని నంబరూ ఒకటే కావాలి. ఒక్క అంకె తేడా వచ్చిందా, ఆ కారు పోర్టులోనే ఎండకు మాడుతూ నిలబడిపోతుంది. ఒక్కో ఓడలో మనకు దిగేవి నాలుగైదు వందలు. మిగతావాళ్ళం పైపైన చూసి, కంప్యూటరు మీద భారం వేసి, చేతులు దులుపుకుంటాం. అరుంధతక్క మాత్రం ప్రతి నంబరునూ చివరి అంకె నుంచి వెనక్కి చదువుతుంది, పెదాలు కదుపుతూ, తెలుగులో.

"ముందునుంచి చదివితే కంటికి పొగరెక్కువే ప్రతిమా. నాలుగు అక్షరాలు చూసి, మిగతావి నాకు తెలుసులే అనేస్తుంది. వెనకనుంచి చదివావనుకో, దానికేం తెలీదు. ఒళ్ళు దగ్గరపెట్టుకుని చూస్తుంది" అని నాకు మొదటివారమే చెప్పింది. నేను రెండు రోజులు చేసి మానేశాను. ఆమె పందొమ్మిదేళ్ళు చేసింది. ఆ పందొమ్మిదేళ్ళలో ఆమె చేతిమీదుగా పోయిన ఓడలో ఒక్క కారు కూడా ఆగలేదు.

ఈ పనంతా చేసింది శ్రీరామమూర్తి గారని యోకోహామాలో అందరి నమ్మకం.

అదెలా జరిగిందంటే, 2006లో చేరినప్పుడు అరుంధతక్క భర్త వీసా మీద ఉంది. అలా ఉన్న ఆడవాళ్ళు ఉద్యోగం చెయ్యాలంటే వేరే అనుమతి కావాలి. అది లేకుండా ఎంతమంది పని చేశారో, ఎన్ని కంపెనీలు చేయించుకున్నాయో ఇక్కడ అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. మా మేనేజరు శ్రీరామమూర్తి గారిది రాజమండ్రి. తెలుగువాళ్ళ సంఘంలో కార్యదర్శి, మైకు కనిపిస్తే వదలరు. "ప్రస్తుతానికి మెయిల్స్ నా పేరుతో పంపించెయ్యమ్మా. నీ కాగితం రాగానే నీ పేరు పెట్టేద్దాం" అన్నారు. కాగితం మూడేళ్ళకు వచ్చింది. అక్క వెళ్ళి అడిగింది.

"ఇప్పుడు పేరు మారిస్తే జపాన్ వాళ్ళు కంగారు పడతారమ్మా. వాళ్ళకి మూర్తి అంటేనే గురి. ఏవుంది పేరులో, పని జరగాలి గాని" అన్నారట ఆయన. పేరులో ఏమీ లేకపోతే ఆ పేరు తనదే ఎందుకు ఉండాలో ఆయన చెప్పలేదు, ఈవిడ అడగలేదు. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు పెద్దలు.

మెయిల్ రాయగానే కింద కంప్యూటరే పెట్టేస్తుంది: శ్రీరామమూర్తి, ఆపరేషన్స్ మేనేజర్. ఆ మెయిల్ పెట్టెను మూర్తిగారు తెరిచి చూసి ఎన్నేళ్ళయిందో ఆయనకే తెలియదు. ఫోన్ వస్తే అరుంధతక్కే తీసేది. "మూర్తిగారు మీటింగులో ఉన్నారు సార్, చెప్పండి, నేను రాసుకుంటాను." రోజుకు ఎన్నిసార్లు ఆ మాట అనేదో, నాకే నోటికొచ్చేసింది.

అవతలి వైపు మనిషి పేరు హయాషి. పందొమ్మిదేళ్ళూ ఆయనే. ప్రతి మెయిల్ చివర ఒక ముక్క వాతావరణం రాసేవాడు: ఇవాళ యోకోహామాలో వాన. అరుంధతక్క జవాబులో రాసేది: ఇవాళ దోహాలో దుమ్ము. ఒకసారి ఆయన రాశాడు, మోకాలు నొప్పిగా ఉంది, మెట్లెక్కలేకపోతున్నాను అని. అక్క ఆవనూనె వేడిచేసి మర్దనా చెయ్యమని రాసింది. అదీ మూర్తిగారి పేరుతోనే వెళ్ళింది.

నిరుడు జనవరిలో ఒక మెయిల్ వచ్చింది. "మార్చి ఆఖరుకు నేను రిటైర్ అవుతున్నాను. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా మనం కలవలేకపోయాం మూర్తిగారూ. అదొక్కటే లోటు. ఇవాళ చలి ఎక్కువగా ఉంది."

అక్క దాన్ని రెండుసార్లు చదివింది. మధ్యాహ్నం అన్నం తింటూ నాతో అంది: "నేను వెళ్ళొస్తానే."

"యాడికి అక్కా?"

"యోకోహామా. ఒక్కరోజు. ఆయన ఉద్యోగంలో ఉండగానే. ఒక్కసారి ఆయన నన్ను చూసి నా పేరు పెట్టి పిలిస్తే చాలు. ఇంకేం వద్దు నాకు."

నిరంజన్ గారు విని నవ్వారట. "జపానా? ఒక్కదానివే? ఓడలు చూడాలనుంటే సాయంత్రం సముద్రం ఒడ్డున కార్నిష్‌కి పోదాం పద." ఆయన చెడ్డవాడు కాదు, పెళ్ళాం ఆఫీసులో ఏం పని చేస్తుందో పందొమ్మిదేళ్ళలో ఒక్కసారీ అడగని మామూలు మంచివాడు. చివరికి ఒప్పుకోలేదు గాని, అడ్డుపడకుండా ఊరుకున్నారు. ఫిబ్రవరిలో ఇక్కడి స్పోర్ట్స్ డే సెలవుకు రెండు రోజులు లీవు కలిపి, బందరు లడ్డు ఒక పొట్లం, దోహా ఖర్జూరం ఒక పెట్టె పట్టుకుని అరుంధతక్క విమానం ఎక్కింది. మూర్తిగారితో ఊరికే లీవు అని చెప్పింది.

ఆ గురువారం ఏం జరిగిందో ఆమె నాకు ఒక్కసారిగా చెప్పలేదు. కొంత కింద మలయాళీ టీ కొట్టు దగ్గర, కొంత మెట్రోలో, కొంత నేను గుచ్చి గుచ్చి అడిగితే. అతికించి రాస్తున్నాను.

టోక్యోలో ఒక చిన్న గదిలో దిగింది. పొద్దున్నే రైలెక్కితే అరగంటలో యోకోహామా. స్టేషను బయటకు రాగానే చలి, సన్నగా తుంపర. అంత ఎత్తు జెయింట్ వీలు, దాని నడుమ గడియారం, ఎర్ర ఇటుకల పాత గిడ్డంగులు. ఇవేవీ ఆమెను ఆపలేదు. ముందు రేవుకు వెళ్ళింది. చెక్కలు పరిచిన పొడుగాటి వంతెనలాంటిది సముద్రంలోకి ఉంది, దాని మీద నిలబడితే దూరంగా ఒక ఓడ కనిపించింది. కిటికీలు లేకుండా, బీరువాను పడుకోబెట్టినట్టుంది. కార్ల ఓడ. పందొమ్మిదేళ్ళుగా ఓడల పేర్లు టైపు చేసింది గాని, ఒక్కదాన్నీ కళ్ళతో చూడలేదామె. ఇక్కడి పోర్టులోకి ఆఫీసువాళ్ళను ఎవరు రానిస్తారు? "ఎంత వికారంగా ఉందే బాబూ. నేనేదో అనుకున్నాను" అంది నాతో.

హయాషి ఆఫీసు అక్కడికి దగ్గరే. ఆకులు రాలిన చెట్ల వీధి, ఏడో అంతస్తు. కింద కూర్చున్న అమ్మాయికి తన పేరు చెప్పింది. ఆ పిల్ల ఆరోజు వచ్చేవాళ్ళ జాబితాలో వెతికి, ఇంకోసారి వెతికి, క్షమించమన్నట్టు తల వంచింది. వెనక్కి పంపేస్తారేమోనని భయమేసి అక్క అంది: "దోహా నుంచి. మూర్తిగారి ఆఫీసు." ఆ పేరు వినగానే ఆ పిల్ల లేచి నిలబడిందట.

హయాషి పరుగులాంటి నడకతో కిందికి వచ్చాడు. సన్నగా, తల నెరిసి, మోచేతుల దగ్గర అరిగిన స్వెట్టరు. వస్తూనే విజిటింగ్ కార్డు రెండు చేతులా పట్టుకుని వంగి ఇచ్చాడు. అక్క కూడా రెండు చేతులా తీసుకుంది. ఆయన అలాగే నిలబడ్డాడు, ఖాళీ చేతులు ముందుకు పెట్టుకుని. ఈమె కార్డు కోసం.

అరుంధతక్కకు కార్డు లేదు. మా కంపెనీ ఆమెకు ఎప్పుడూ కొట్టించలేదు. టీ బాయ్‌కి ఎందుకు కొట్టించలేదో, ఈమెకూ అందుకే. ఆ చేతుల్లో ఏం పెట్టాలో తెలియక ఖర్జూరం పెట్టె పెట్టింది, దాని మీద లడ్డు పొట్లం. ఆయన వాటికీ వంగి నమస్కారం చేశాడు. పేరు అడగలేదు. వాళ్ళకు పేరంటే కార్డు మీద ఉండాల్సిందేనేమో, కార్డు లేని మనిషిని నోటితో అడగడం అవమానం అనుకున్నాడేమో, నాకు తెలియదు. అక్క కూడా చెప్పలేదు.

పైకి తీసుకెళ్ళాడు. పదిమంది కుర్రవాళ్ళు కంప్యూటర్ల ముందు. గోడకు ఒక కాగితం అంటించి ఉంది. పైన జపాన్ అక్షరాలు, మధ్యలో ఒక చాసిస్ నంబరు, దాని కింద కుడి నుంచి ఎడమకు పెద్ద బాణం గుర్తు. బాణం కింద ఇంగ్లీషులో: మూర్తి మెథడ్.

"2014లో మూర్తిగారు ఈ పద్ధతి నాకు మెయిల్‌లో వివరించారు. కన్ను గర్విష్ఠి అని రాశారు. నాకెంత నచ్చిందో. అప్పటినుంచి ఇక్కడ కొత్తగా చేరిన ప్రతివారికీ మొదటిరోజు ఇదే నేర్పుతాం" అన్నాడు హయాషి, నెమ్మదైన ఇంగ్లీషులో. ఒక అమ్మాయిని పిలిచి చదివించాడు. ఆ పిల్ల వేలు పెట్టి, చివరి అంకె నుంచి, వాళ్ళ భాషలో, అచ్చం అరుంధతక్కలాగే పెదాలు కదుపుతూ చదివింది. తర్వాత అందరూ లేచి అక్కకు తల వంచారు. మూర్తిగారికి అందజేయమని.

ఆ తర్వాత ఆయన తన సొరుగు తెరిచి, ప్లాస్టిక్ కవరులో దాచిన ఒక కాగితం తీశాడు. అరుంధతక్క దూరంనుంచే గుర్తుపట్టింది. 2011 మార్చిలో సునామీ వచ్చింది చూడండి, శుక్రవారం, ఇక్కడ సెలవు. ఆమె టీవీలో చూసి, ఆదివారం అందరికంటే ముందు ఆఫీసుకు వచ్చి రాసిన మెయిలు అది. "కాగితాల సంగతి వదిలెయ్యండి. ఇక్కడ కస్టమ్స్‌తో నేను మాట్లాడుకుంటాను. మీవాళ్ళందరూ క్షేమమా? ఆ ఒక్క మాట రాయండి చాలు."

"మా అమ్మ ఉత్తరాన సముద్రం ఒడ్డున ఉండేది" అన్నాడు హయాషి. "తొమ్మిది రోజులు ఆచూకీ లేదు. ఆ తొమ్మిది రోజులూ ప్రపంచం నలుమూలల నుంచి మెయిల్స్ వచ్చాయి. ఓడ ఎప్పుడు బయల్దేరుతుంది, ఎప్పుడు బయల్దేరుతుంది అని. మీవాళ్ళెలా ఉన్నారని అడిగింది మూర్తిగారొక్కరే. పదో రోజు, బాధితులను ఉంచిన ఒక బడిలో అమ్మ దొరికింది. మంచం పక్కన కూర్చుని ఇది ఆమెకు చదివి వినిపించాను. పోయేదాకా అడిగేది, ఆ ఎడారి దేశం ఆయన బాగున్నాడా అని."



"మూర్తిగారు ఎలా ఉన్నారు? ఎలాంటి మనిషి?" అని అడిగాడు.

ఇన్నివేల మైళ్ళు వెళ్ళింది ఈ ఒక్క నిమిషం కోసం. నోరు తెరిచింది. వచ్చిన మాట ఇది: "బాగున్నారు సార్. మీటింగులో ఉన్నారు."

హయాషి గోడ గడియారం చూశాడు. అక్కడ పదకొండు. అంటే దోహాలో తెల్లవారుజామున ఐదు. "ఇంత పొద్దున్నేనా" అని ఆశ్చర్యపోయి, "ఎంత కష్టజీవి" అని తల ఊపాడట. ఈ ముక్క చెప్పినప్పుడు అక్క నవ్వింది. నాకు నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది.

మూర్తిగారికోసమని ఒక చెక్కపెట్టె ఇచ్చాడు. అందులో వాళ్ళ అమ్మగారి ఊరి మట్టితో చేసిన టీ కప్పు, ఒక ఉత్తరం. అవి పట్టుకుని ఆమె కిందికి దిగింది.

మళ్ళీ ఆ రేవుకే వెళ్ళింది. దేంట్లో చేపలు కలిపారోనన్న భయంతో రెండు అరటిపళ్ళు, ఒక బన్ను కొనుక్కుని తింది. తర్వాత బెంచీ మీద కూర్చుని అప్పజెప్పుకోవడం మొదలుపెట్టింది. "సార్, ఆ మెయిల్ రాసింది నేను. నా పేరు అరుంధతి." బడిపిల్లలా అదే మాట పైకే, ఇంగ్లీషులో. సముద్రపు పక్షులు తప్ప వినేవాళ్ళు లేరు. ఈసారి నోరు తప్పదని నమ్మకం కుదిరాక, మూడున్నరకు లేచి మళ్ళీ ఆ ఆఫీసుకు నడిచింది. వాన పెద్దదైంది.

హయాషి కంగారుగా దిగి వచ్చాడు. "ఏదైనా మరిచిపోయారా?"

"ఆ మనిషి మొహం చూశానే" అంది అక్క నాతో. "ఎంత ఆదరంగా చూస్తున్నాడో. ఇప్పుడు నేను చెప్తే ఆయనేం చెయ్యాలి? గోడ మీద కాగితం చింపుకోవాలా? నీకు పందొమ్మిదేళ్ళు అబద్ధం రాశాం నాయనా అని రిటైరయ్యే మనిషితో అనాలా? వాళ్ళమ్మ పోయేదాకా తలుచుకున్న ఆయన లేనే లేడని చెప్పాలా?"

"మరి ఏం చెప్పిండ్రు?"

"గొడుగు మరిచిపోయానన్నాను."

గొడుగు తీసుకెళ్ళనే లేదు. ఆయన మోకాలినొప్పితో పైకి వెళ్ళి, పది నిమిషాలు గదులన్నీ వెతికించి, దొరకలేదని మూడుసార్లు క్షమాపణ చెప్పుకుని, తన గొడుగు ఆమె చేతిలో పెట్టాడు. ఆ వానలో అది వేసుకుని అరుంధతక్క స్టేషనుకు నడిచింది. వెనక్కి చూస్తే ఆయన గుమ్మంలో ఇంకా వంగే ఉన్నాడట.

నాకు కోపం ఆగలేదు. "ఒక్క మాట అక్కా. గన్నేండ్లు గంత బరువు మోసిండ్రు, ఒక్క మాట చెప్పకపోతిరా? నేనైతే మొకం మీదనే చెప్తుంటి."

అక్క టీ గ్లాసు కింద పెట్టింది. "నువ్వు మూర్తిగారి కేబిన్‌కి రోజూ నాలుగుసార్లు వెళ్తావు కదా ప్రతిమా. ఎనిమిదేళ్ళ నుంచీ నీకు తెలుసు. ఎప్పుడైనా చెప్పావా?"

నేను చెప్పలేదు. నా వర్క్ పర్మిట్ మీద సంతకం చేసేది ఆయనే. 

ఆదివారం ఆఫీసు తెరవగానే చెక్కపెట్టె మూర్తిగారి టేబులు మీద పెట్టింది అక్క. నేనూ అక్కడే ఉన్నాను.

"జపాన్ వెళ్ళావా? నాతో ఒక్క మాట అంటే నేనూ ఒక ఉత్తరం ఇచ్చేవాణ్ణి కదమ్మా. నువ్వే రాసి పట్టుకెళ్ళేదానివి" అన్నారు ఆయన, ఏమాత్రం వెటకారం లేకుండా. ఉత్తరం విప్పి చదివారు. నుదురు ముడిపడింది. "2011లో నేనేదో మెయిల్ రాశానంటాడేవిటీయన? అప్పుడు నేను మా మేనకోడలి పెళ్ళికి రాజమండ్రిలో ఉన్నానే." అక్కవైపు చూశారు. అర్థమైంది ఆయనకు. కాకపోవడానికి ఆయన తెలివితక్కువవాడు కాదు. ఒక్క క్షణం ఉత్తరాన్ని అటూ ఇటూ తిప్పారు. ఇప్పుడైనా ఏదో అంటారనుకున్నాను.

"మంచిపని చేశావమ్మా. కంపెనీకి ఎంత పేరొచ్చిందో చూడు" అన్నారు. "ఒక మంచి థాంక్స్ మెయిల్ రాసెయ్యి. కాస్త మనసుకు తగిలేటట్టు."

కప్పు చూసి, బాగుందని, టేబులు మీద పిన్నులు పోసుకున్నారు. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

అరుంధతక్క మెయిల్ రాసింది. కప్పు అందిందని, వాళ్ళ అమ్మగారిని తలుచుకున్నానని, మోకాలు జాగ్రత్త అని. చివర ఒక వాక్యం చేర్చింది: "మా స్టాఫ్ ఒకామెకు మీరిచ్చిన గొడుగుకు కూడా కృతజ్ఞతలు." తన గురించి తనే రాసుకున్న మాట. నా కంప్యూటరు పక్కనే కాబట్టి చూశాను. ఆ స్టాఫ్ ఒకామె అన్నచోట ఆమె చెయ్యి ఆగలేదు.

జవాబు మర్నాడే వచ్చింది. "ఆమె ఎంతో మర్యాదస్తురాలు. నేనే ఆమె పేరు అడగడం మరిచి తప్పు చేశాను. నా వీడ్కోలు జాబితాలో రాసుకోవాలి. దయచేసి ఆమె పేరు చెప్తారా? ఇవాళ ఇక్కడ ఎండ కాసింది."

అక్క నన్ను పిలిచి చూపించింది. మొహం వెలిగింది, చిన్నపిల్లలా. ఇన్నాళ్ళకు ఆయనే అడిగాడు. జవాబులో ఒక్క వాక్యం టైపు చేసింది: "ఆమె పేరు అరుంధతి." రాసి, చివరి అక్షరం నుంచి వెనక్కి చదువుకుంది, తప్పు లేదని తేల్చుకుని పంపింది. దాని కింద కంప్యూటరు ఎప్పటిలాగే తన పని తాను చేసింది: శ్రీరామమూర్తి, ఆపరేషన్స్ మేనేజర్.

మార్చి 31న హయాషి ఆఖరి మెయిల్ వచ్చింది. "మూర్తిగారూ, ఇన్ని పెద్ద పనుల మధ్య ఒక చిన్న ఉద్యోగి పేరు కూడా గుర్తుపెట్టుకుని చెప్పారు. ఎప్పటిలాగే మీది గొప్ప మనసు. రేపటినుంచి ఈ చిరునామాలో నేనుండను. అరుంధతి గారికి నా నమస్కారం అందజేయండి."

అక్క అది చదివింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఇప్పుడైనా ఏదో ఒకటి అనాల్సింది నేను. అనలేదు. ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, జవాబు టైపు చేసింది.

"మీ నమస్కారం ఆమెకు అందజేశాను. ఇవాళ దోహాలో దుమ్ము."